కడిగిన గోడ

"గీత ఏదండీ?" అని రెండోసారి అడిగింది హేమశ్రీ.

ఆమె చేతిలోని ఫోను గోడ వెంట కిందనుంచి పైకి, ఈ మూలనుంచి ఆ మూలకి తిరుగుతోంది. గోడ తెల్లగా ఉంది. శనివారం కొట్టిన సున్నం ఇంకా చేతికి అంటుతోంది. గచ్చు మీద బ్లీచింగు వాసన. మూలగా నులకమంచం మీద బాలింత లోవలక్ష్మి, ఆమె పక్కన పాత చీర మడతల్లో వారం రోజుల పసిగుడ్డు. వరద తీసిన ఇల్లులా లేదు, పెళ్ళివారికి సిద్ధం చేసిన విడిదిల్లులా ఉంది.

"ఏ గీతండీ?" అంది ఇంటావిడ పాపాయి.

"వరద గీతండి. నీళ్ళు ఎంతవరకు నిలబడ్డాయో గోడ మీద మరక ఉంటుంది కదా. దాని పక్కన మిమ్మల్ని నిలబెట్టి ఫోటో తియ్యాలి."

"అదా. కడిగేశానండి." పాపాయి గొంతులో కాస్త గొప్ప కూడా పలికింది. "కొబ్బరి పీచెట్టి రెండ్రోజులు రుద్దితే గానీ పోలేదు."

హేమశ్రీ గోడని ఇంకోసారి చూసింది. ఫోను దించేసింది.

గోదావరి రెండు పాయల మధ్య, ఏటిగట్టుకి లోపలున్న లంక అది. ఆగస్టులో మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిన మర్నాడు, ఆదివారం, కాలనీలోకి నీళ్ళొచ్చాయి. నాలుగు రోజులు నడుం లోతున నిలబడ్డాయి. తీసేటప్పుడు ఇంటింటికీ జానెడు ఒండ్రు, ఎవరిదో తెలియని చెప్పు, చచ్చిన కోడి వదిలి మరీ వెళ్ళాయి. పాపాయి ఇంట్లో బియ్యం డబ్బా బోర్లాపడి పదిహేను కిలోలు పులిసిపోయాయి. కూలికి పోదామంటే అరటితోటలన్నీ నేల మీద పడుకున్నాయి. ఆడకూలికి మూడువందల యాభై ఇచ్చే రైతులే తువ్వాలు నెత్తినేసుకుని గట్టు మీద కూర్చున్నారు. కొడుకు గణేష్‌బాబు భీమవరం అవతల రొయ్యల చెరువుకి కాపలా ఉంటున్నాడు. వానల్లో చెరువు వదిలొస్తే ఆ నెల జీతం వదులుకోవాలి.

కోడలు లోవలక్ష్మికి నొప్పులొస్తే వరద నీళ్ళ మీదే పడవలో ఆసుపత్రికి చేర్చారు. ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. కుట్లు ఆరేదాకా బురదలో పెట్టొద్దని నర్సు మరీమరీ చెప్పింది. స్కూల్లో పెట్టిన శిబిరంలో నూట ఎనభై మందికి రెండే మరుగుదొడ్లు. అందుకని నీళ్ళు తీసిన రోజే పాపాయి చీర ఎగదోపి పార పట్టింది. ఒండ్రు ఎత్తిపోసింది, గోడలు కడిగింది, నూట ఇరవై పెట్టి సున్నం తెచ్చి కొట్టింది. ఆదివారం కోడల్నీ మనవరాలినీ తెచ్చుకుంది. సోమవారం ఈ వీధికి సర్వే వచ్చింది.

"గీత లేకపోతే ఏమవుద్దమ్మా?" ఈసారి పాపాయి గొంతులో గొప్ప లేదు.

"యాప్‌లో 'నీళ్ళు వచ్చాయి' అని నొక్కితే ఫోటో అడుగుతుందండి. నిన్న వెనక వీధిలో మరక సరిగా పడని ఫోటోలు నాలుగు పెట్టాను. నాలుగూ పైనుంచి తిప్పికొట్టేశారు."

"నీళ్ళొచ్చినట్టు ఊరందరికీ తెలుసు కదా."

"ఊరికి తెలుసండి. యాప్‌కి తెలీదు."

"ఇళ్ళు కడుక్కోండి, లేపోతే రోగాలొత్తాయని మొన్న మైకులో చెప్పింది మీ పంచాయతీవోళ్ళే కదా. బ్లీచింగ్ పేకెట్టు నా చేతిలో పెట్టింది నువ్వే కదమ్మా."

హేమశ్రీ తల పక్కకి తిప్పుకుంది. ఆమె గ్రామ సచివాలయంలో సంక్షేమ సహాయకురాలు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఉద్యోగం వచ్చిన రోజున వాళ్ళ నాన్న వీధి వీధంతా అరటిపళ్ళు పంచాడు. కడుక్కోమని పంచిన పేకెట్ల లెక్క మీదా ఆమె సంతకమే ఉంది, కడగని గోడల ఫోటోల కిందా ఆమె పేరే ఉంది.

జాబితాలో పేరెక్కితే ఇంటికి పాతిక కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, రెండు వేలు. బియ్యం లారీ స్కూలు దగ్గర ఆగి ఉంది. సాయంత్రం ఆరులోగా వీధి జాబితా పైకి వెళ్తే ఇవాళే పంచుతారు. లేకపోతే లారీ అవతలి లంకకి పోతుంది. నలభై రెండు ఇళ్ళలో నలభై అయ్యాయి. ఇదీ, వీధి చివరి ఇల్లూ మిగిలాయి.

"ఆగమ్మా, సాక్ష్యం చూపిత్తాను" అని పాపాయి బయల్దేరింది. ఆమె ముందు, హేమశ్రీ వెనక. గట్టు మీద ఆరేసిన బొంతలు చూపించింది. ఇంటి వెనక కొబ్బరిచెట్టు మొదట్లో మరక చూపించింది. పెంట మీద పారేసిన డబ్బా, అందులో ముద్దకట్టిన బియ్యం చూపించింది. ప్రతిదానికీ హేమశ్రీ తల ఊపుతూనే ఉంది, ఫోను మాత్రం ఎత్తలేదు. ఇంటి లోపలి గోడే కావాలి.

"అయితే గంగయ్య మావ ఇంటికి రా."

కాలనీ ఇళ్ళు జంటలుగా కట్టినవి. రెండిళ్ళకీ మధ్యగోడ ఒకటే. అవతలి సగంలో గంగయ్య ఒంటరిగా ఉంటాడు. కొబ్బరికాయలు వలిచి వలిచి నడుం వంగిపోయిన మనిషి. ఆయన గోడ మీద నడుం ఎత్తున ఎర్రటి మరక, తాడు పెట్టి కొట్టినట్టు తిన్నగా ఉంది.

"రండి రండి" అన్నాడు గంగయ్య కుక్కిమంచం మీంచి లేవకుండా. "కడగడానికి ఒళ్ళొంగలేదండి నాకు. బద్ధకం కూడా ఒక్కోసారి అన్నం పెడతాదని ఇవాళే తెలిసింది."

పాపాయి ఆ మరక మీద అరచెయ్యి ఆనించింది. "ఇదేనమ్మా మా గోడ. ఇటు మొకం మావది, అటు మొకం నాది. ఇటేపు నడుం దాకా తడిసిన గోడ అటేపు తడవకుండా ఉంటాదా? నువ్వు సదూకున్నదానివి, నువ్వే చెప్పు."

"ఉండదండి."

"మరింకేం."

"ఈ మరక ఆయన పేరు మీద ఎక్కించేశానండి. ఒకటే గోడ రెండిళ్ళకి పెడితే దొంగ ఫోటో అంటుంది."

గంగయ్య నవ్వాడు. "ఏం పాపాయీ, చెప్తే విన్నావా? అంత శుభ్రం దేనికే అన్నాను. ఇప్పుడు నీ ఇల్లు సినిమావోళ్ళకి అద్దెకిచ్చుకో."

"నీ నోట్లో ఒండ్రు పొయ్య" అంది పాపాయి. అనేసి, వెంటనే కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే వచ్చాడు అప్పాజీ. రేషన్ డీలరు తమ్ముడు. ఊళ్ళోకి ఏ సర్వే వచ్చినా అధికారుల కంటే రెండడుగులు ముందు నడుస్తాడు. బోండాలు కొట్టిస్తాడు, కుర్చీలు వేయిస్తాడు, ఎవరింట్లో ఎంతమందో తనే చెప్పేస్తాడు. చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, అందులో పలచగా కలిపిన ఎర్ర ఒండ్రు, రంగులేసే కుంచె.

"ఇంతోటిదానికి ఏడుపేంటి పాపాయీ. ఒక్క గీత. రెండు నిమిషాల పని. నీ దగ్గర రూపాయి కూడా వద్దులే, ఇరుగూపొరుగూ వాళ్ళం."

"ఆయ్, మీరు ధర్మాత్ములండి" అన్నాడు గంగయ్య. "పొద్దున్నించీ రోడ్డు మీద మిట్ట ఇళ్ళన్నిటికీ గీసొత్తున్నారంట కదా. ఇంటికి ఐదొందలంట. అక్కడికి గోదారి రాలేదు గానీ, అప్పాజీ గారొచ్చారు."

"నీకెవడు చెప్పాడు?"

"మీ కుంచే చెప్తందండి. మా వీధి బురద ఎరుపు, దాని పిడికి అంటి ఎండినది నలుపు."

హేమశ్రీ ఇద్దరి వంకా చూడలేదు. "నేను చివరి ఇల్లు చూసొస్తానండి. పది నిమిషాలు పడుతుంది" అని ఎవరికీ కాకుండా చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాటకి అర్థం అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

పాపాయి తన ఇంటి గడపలోకి వచ్చి నిలబడింది. మంచం మీంచి లోవలక్ష్మి అంతా వింటోంది.

"గీయించెయ్యి అత్తా" అంది మెల్లగా. "నిజంగా వచ్చిన నీళ్ళే కదా. నాకు పాలు పడట్లేదు. రేపు ఏం వండుతావు?"

అది నిజం. పాపాయి పక్కకి జరిగి అప్పాజీకి దారి ఇచ్చింది.

అప్పాజీ కుంచె ముంచి, నడుం ఎత్తు అంచనా కట్టి, గోడకి అడ్డంగా ఒక జానెడు లాగాడు. తెల్లటి సున్నం మీద ఎర్రగా పడింది. ఒండ్రు వాసన గుప్పున లేచింది. నాలుగు రోజులు కుళ్ళిన నీటి వాసన, రెండు రోజులు వంగి పాపాయి ఎత్తిపోసిన వాసన. గీత కిందనుంచి బొట్లు జారి మంచం పట్టె మీద పడ్డాయి. ఒక బొట్టు చీర మడత మీద పడింది, పసిదాని చెవికి బెత్తెడు దూరంలో.

పాపాయి కుంచె పట్టుకుంది. గుంజలేదు, ఊరికే పట్టుకుంది.

"వద్దండి."

"అదేంటి, సగం గీశాక?"

"నీళ్ళొచ్చినప్పుడు గోదారి గీసింది, నేను తుడిచాను. ఇప్పుడు మీరు గీత్తే ఆ మిట్ట ఇళ్ళకీ మా ఇంటికీ తేడా ఏముందండి? మీ గీత లేకపోతే మునగనట్టేనా నేను?" కొంగుతో గోడ తుడవబోయి, కొంగు పాడవుతుందని ఆగి, తడిగుడ్డ తెచ్చి తుడిచింది. సున్నం కూడా ఊడొచ్చి గోడ మీద బూడిద రంగు మచ్చ మిగిలింది.

హేమశ్రీ తిరిగొచ్చేసరికి బకెట్టు వీధిలో ఉంది. గోడకి గీత లేదు. ఆమె మొహం వాడిపోయింది.

"మరి... 'రాలేదు' అని నొక్కాలండి. వేరే దారి లేదు."

"వచ్చాయి, కడుక్కున్నాం అని రాయమ్మా."

"రాసే చోటు లేదండి. రెండే ఉన్నాయి, వచ్చాయి, రాలేదు." ఫోను తిప్పి చూపించింది. "రాలేదు అంటే మీరు ఒప్పుకున్నట్టు మొహం చూపించాలి. ఈ గుండ్రంలోకి చూసి ఒకసారి కళ్ళు ఆర్పితే చాలు."

"ఏమని ఒప్పుకున్నట్టు?"

హేమశ్రీ చెప్పలేక చెప్పింది. "మా ఇంట్లోకి వరద నీళ్ళు రాలేదు అని."

పాపాయి ఆ గుండ్రంలో తన మొహాన్ని చూసుకుంది. చెంపల మీద సున్నం చుక్కలు ఇంకా ఉన్నాయి. ఫోను మీంచి కళ్ళు తిప్పేసుకుంది.

"నా మొకం ఇవ్వను."

"పాపాయి గారూ, మీది తేలకపోతే వీధి జాబితా మూసుకోదండి. నలభై ఒక్క ఇళ్ళ బియ్యం ఆగిపోతుంది. నా మాట వినండి. రేపు ఎమ్మార్వో గారికి అర్జీ రాసి నేనే తీసుకెళ్తాను, సాక్షి సంతకం కూడా పెడతాను."

"ఇవాళ రాలేదని ఒప్పుకుని, రేపు వచ్చాయని అర్జీ ఎట్టుకోవాలా? అప్పుడు నా మొకమే నాకు అడ్డం చూపిత్తారు కదమ్మా."

హేమశ్రీకి ఈ సంగతి డిగ్రీలో ఎవరూ చెప్పలేదు, ట్రైనింగులో అసలే చెప్పలేదు.

కబురు వీధంతా పాకడానికి పావుగంట పట్టలేదు. ఐదున్నరకి పాపాయి గుమ్మం ముందు పాతిక మంది చేరారు. మొదట బతిమాలారు. తర్వాత ఒకామె, "మా పిల్లలు రెండ్రోజుల్నించీ మరమరాలు తింటన్నారొదినా" అంది. ఇంకెవరో, "దీనికి రోషం, మనకి పస్తు" అన్నారు. వరదలో ఒకే పడవెక్కిన మనుషులే. ఆసుపత్రికి పోయేటప్పుడు లోవలక్ష్మి మీద వాన పడకుండా దుప్పటి పట్టిన చేతులు కూడా అందులో ఉన్నాయి.

పాపాయికి కోపం రాలేదు. భయం వేసింది. గుమ్మానికి ఆనుకుంది.

"మీ బియ్యం నాకొద్దు, నేనాపలేదు. ఎవరో ఒకరు ముందుకొచ్చి, పాపాయి ఇంట్లోకి నీళ్ళు రాలేదని నా మొకమ్మీద చెప్పండి. ఒక్కరు చెప్పండి చాలు. ఆ గుండ్రంలోకి చూత్తాను."

ఎవరూ కదల్లేదు. గంగయ్య నేల చూపులు చూస్తున్నాడు. మరమరాల మాట అన్న ఆమె పక్కావిడ భుజం వెనక్కి జరిగింది.

అప్పాజీకి ఆ మౌనం నచ్చలేదు. "సరేనమ్మా, తాళం వేసిన ఇల్లు అని ఇంకో మీట ఉంది కదా? తాళంకప్ప నేను తెత్తాను. ఈవిడ బయట ఉంటాది, లోపలోళ్ళు రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టుకుంటారు. ఫోటో తీసేస్తే వీధి ఒడ్డున పడతాది." అంటూనే గడప దాటి లోపలికొచ్చాడు. కాళ్ళకి చీలమండల దాకా బురద. తెల్లటి గచ్చు మీద మూడు అడుగులు పడ్డాయి.

పాపాయి తడిగుడ్డ తీసి, గొంతుక్కూర్చుని మొదటి అడుగు తుడిచింది.

"నేను చెప్పేది వింటున్నావా? అందరి ఉసురూ పోసుకుంటావు."

రెండో అడుగు తుడిచింది. మూడోదాని మీద ఆయన నిలబడి ఉన్నాడు.

"కాలెత్తండి అప్పాజీ గారూ."

ఆయన ఎత్తాడు. ఎందుకెత్తాడో ఆయనకే తెలియదు. ఆమె కింద తుడిచింది. పెట్టడానికి శుభ్రమైన గచ్చు తప్ప ఇంకేమీ లేక, ఆయన కాలు వెనక్కి వేశాడు. ఆ మచ్చనీ తుడిచింది.

"రెండోది ఎత్తండి."

వీధిలో ఎవరో పిల్లకాయ కిసుక్కుమన్నాడు. ఎవరూ వాణ్ణి కసరలేదు. అప్పాజీ ఒంటికాలి మీద తూలి, ద్వారబంధం పట్టుకుని గడప అవతల పడ్డాడు. పాపాయి గడప కూడా తుడిచి, గుడ్డని తొట్టిలో పిండింది. లోపల పసిది ఏడుపు అందుకుంది.

స్కూలు వైపునుంచి లారీ ఒకసారి హారన్ కొట్టింది. అరుగు మీద హేమశ్రీ చేతిలో ఫోను అలాగే వెలుగుతోంది. గుండ్రం ఖాళీగా ఉంది. దానిపైన ఐదూ యాభై రెండు, చూస్తుండగానే యాభై మూడు అయింది. ఆమె వేలు 'తాళం వేసిన ఇల్లు' మీట దాకా వెళ్ళి గాలిలో ఆగింది. పాతిక మందీ ఇప్పుడు పాపాయిని కాదు, ఆ వేలినే చూస్తున్నారు.