నిలబెట్టింది నేనే అనుకున్నాను

నేను ఒక నడుం బెల్టును. వడ్డాణానికి దూరపు చుట్టాన్ని. అది పెట్టుకున్నవాళ్ళు పదిమందికీ చూపించుకుంటారు, నన్ను పెట్టుకున్నవాళ్ళు చొక్కా కింద దాచుకుంటారు. అంతకుమించి మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

పుట్టింది ఊరి చివర ఒక రేకుల షెడ్డులో. గోధుమరంగు సాగే గుడ్డ, వీపు వైపు ఇనప బద్దలు, చివర్లో ఒకదానికొకటి అంటుకునే గరుకు పట్టీలు. నన్ను కుట్టినావిడ రోజంతా మిషను మీద వంగి కూర్చుని, లేచేటప్పుడు నడుం పట్టుకుని "అమ్మో" అనేది. ఆవిడకు ఒక బెల్టు ఇద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. మనుషుల సంగతి నాకు అక్కడే కొంచెం అర్థమైంది.

మొదట నన్ను కొన్నాయన రామచంద్రపురంలో ఇన్సూరెన్సు గుమాస్తా కామేశం. ఆయన నడుం నొప్పికి ఆదివారం సెలవు. బదిలీ ఆర్డరు రాగానే నన్ను చొక్కా మీద అందరికీ కనబడేలా కట్టుకుని, మూలుగుతూ పై ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. బదిలీ ఆగిపోయింది, నొప్పీ ఆగిపోయింది. అప్పట్నించి నేను వీధి ఆస్తినైపోయాను. మా వీధిలో నిచ్చెన ఒక ఇంట్లో ఉంటే అందరికీ ఉన్నట్టే. నేనూ అంతే. గ్యాసు బండ ఎత్తిన నడుముకూ, బిందె దింపిన నడుముకూ, బక్కవాళ్ళకూ, భారీవాళ్ళకూ సరిపోయి సరిపోయి నా సైజేమిటో నేనే మర్చిపోయాను. వాళ్ళ నొప్పులు నాలుగు రోజులకు వాటంతటవే తగ్గేవి, పేరు మాత్రం నాకొచ్చేది. "ఈ బెల్టు హస్తవాసి మంచిదండీ" అనేవారు. బెల్టుకు హస్తం ఎక్కడిదని నేను అడగలేదు. పొగుడుతుంటే అడ్డుపడడం ఏం మర్యాద?

అలా చేతులు మారి మంగతాయారు గారింటికి చేరాను. ఆవిడ హరికథ చెప్పే భాగవతారిణి. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో పూలదండతో ఆవిడ నిలబడితే జనం చేతిలో కాఫీ చల్లారిపోతున్నా చూసుకోరు. భర్త నరసింగరావు మృదంగం వాయిస్తాడు. వేదిక మీద ఆవిడ ఎటు పోతే ఆయనా అటే. ఇంట్లోనూ అదే వరస.

ఆవిడకొచ్చింది మాత్రం నాకు అలవాటైన నొప్పి కాదు. నడుములో మొదలై, ఎడమ కాలి వెనకనుంచి కరెంటు షాకులా దిగి, పాదం చేరేసరికి మొద్దుబారిపోయేది. ఒకరోజు ఎడమ చెప్పు ఊడిపోయినా తెలియక వీధి చివరిదాకా ఒంటి చెప్పుతో నడిచింది. స్కానింగు తీస్తే, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఒకటి బయటికి ఉబ్బి, కాలికి వెళ్ళే నరాన్ని నొక్కుతోందని తేలింది.

"పోనీ కొన్నాళ్ళు కూర్చుని చెప్పు తాయారూ, ఎవరు కాదంటారు?" అన్నాడు నరసింగరావు.

"కూర్చుని చెబితే పురాణం అంటారండీ, హరికథ అనరు. మంగళం పాడేదాకా కూలబడకూడదని గజ్జె కట్టిన నాడే మా గురువుగారు చెప్పేరు. నిలబడలేని రోజొస్తే ఈ గజ్జెలు ఆయన పటం ముందు పెట్టేసి ఊరుకుంటాను" అంది. ఆ మాట గట్టిగానే అని, లోపలికి వెళ్ళి గజ్జెల మీద చెయ్యి వేసి ఏడ్చింది. ఆ సంగతి నరసింగరావుకు తెలియదు, నాకు తెలుసు. ఏడుపు కళ్ళకంటే ముందు పొట్టలో మొదలవుతుంది. నేనుండేది అక్కడే.

మాత్రలు మింగింది, కాపడాలు పెట్టింది, వ్యాయామాలు చేసింది. నన్ను ఊపిరాడకుండా బిగించింది. ఎవరివల్లా కాలేదు. ఈలోగా మండపేట ఉత్సవాలకు కథ చెప్పాలని కబురొచ్చింది. చివరికి రాజమండ్రిలో డాక్టర్ ఇందుప్రియ దగ్గరికి వెళ్ళారు.

"నరం చుట్టూ వాపు ఉందమ్మా. సూదితో స్టెరాయిడ్ మందు అక్కడికే పంపిస్తాం. డిస్కు మాయమైపోదు. వాపు తగ్గితే నొప్పి తగ్గొచ్చు, స్పర్శ కూడా రావచ్చు. తప్పకుండా వస్తుందని మాత్రం చెప్పలేను" అంది డాక్టరు. తర్వాత నా వైపు చూసి, "దీన్ని రోజంతా కట్టుకుంటే మీ కండరాలు బద్ధకిస్తాయి" అని కూడా అంది. నన్ను అంత మాట ఎవరూ అనలేదు.

వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయని వీధి వీధంతా వచ్చి చెప్పి వెళ్ళింది. నేనూ లోలోపల వాళ్ళ పక్షమే. సూది పనిచేస్తే నాకేం పని?

ఆ రోజు ఆవిణ్ణి బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెట్టారు. నర్సు ఎంత చెప్పినా ఆవిడ నన్ను చేతిలోంచి వదల్లేదు. పైన పెద్ద ఎక్స్‌రే యంత్రం, పక్కన తెర, తెర మీద ఆవిడ వెన్నెముక. డాక్టరు ముందు చర్మానికి మత్తు ఇచ్చి, తెర చూసుకుంటూ సన్నటి పొడుగాటి సూది దింపింది. కదలకూడదు, మాట్లాడకూడదు. మొదటిది ఆవిడ చేయగలదు.

"కాల్లోకి ఏమైనా లాగుతోందా అమ్మా?"

"అదేనమ్మా, మొదట పిరుదు దగ్గర చిన్నగా బయల్దేరి, తొడ దాటి, మోకాలి మడతలో కాసేపు ఆగి..."

"అవునో కాదో చెప్పండి చాలు!"

"ఏ కథా ఒక్క ముక్కలో చెప్పలేదు తల్లీ నేను. అవును!"

డాక్టరు నవ్వాపుకోవడానికి చెయ్యి ఆపుకోవలసి వచ్చింది. మందు లోపలికి వెళ్ళాక బరువుగా, ఒత్తినట్టుగా ఉందంది. అంతే, అయిపోయింది. కాళ్ళు పడిపోలేదు. కొంచెంసేపు పడుకోబెట్టి లేపితే నొప్పి లేదు! ఆవిడ హాస్పిటల్ వరండాలోనే ఒక అడుగు వేసి తిరిగింది.

"ఇది మత్తుమందు ప్రభావమమ్మా. కొన్ని గంటల్లో దిగిపోతుంది, నొప్పి మళ్ళీ రావచ్చు. అసలు మందు పని మొదలుపెట్టడానికి వారం పది రోజులు పట్టొచ్చు" అని డాక్టరు చెబుతూనే ఉంది. కానీ మంగతాయారు గారు అప్పటికే ఫోనులో ఉంది. మండపేట కమిటీకి వస్తానని చెప్పేసింది, చెల్లెలికి చెప్పింది, పాలవాడికి చెప్పింది. ఊళ్ళో దిగేసరికి ఇందుప్రియ ధన్వంతరి అయిపోయింది.

మర్నాటికల్లా నొప్పి తిరిగొచ్చింది, అదీ బాకీ వసూలుకు వచ్చినట్టు. ఇందుప్రియ మోసగత్తె అయిపోయింది. "సూదీ లేదు, గీదీ లేదు, నా బెల్టే నాకు దిక్కు" అని ఆవిడ నన్ను గుండెలకు హత్తుకుంది. నాకు పండగే. నరసింగరావు మాట మీద ఇంట్లోనే స్టూలు వేసుకుని కూర్చుని కథ చెప్పి చూసింది. యుద్ధం రాగానే తెలియకుండా లేచిపోయి, "అబ్బా" అని కూర్చునేది. మూడోసారి లేచి కూర్చున్నాక చిరతలు ఒళ్ళో పెట్టుకుని, "ఇంక నావల్ల కాదేమోనండీ" అంది. అప్పుడు నా పండగ నాకే రుచించలేదు.

సూది వేయించుకున్న రెండు వారాలకు, ఒప్పుకున్న మాట ప్రకారం మండపేట వెళ్ళే రోజు వచ్చింది. అప్పటికి ఆవిడ రాత్రిళ్ళు నిద్రపోతోంది, స్టూలు లేకుండా వంట చేస్తోంది. అయినా గమనించుకోలేదు. నొప్పి వచ్చినప్పుడు ఊరంతా చెప్పే మనుషులు, పోయినప్పుడు తమకు తాము కూడా చెప్పుకోరు. పట్టుచీర కచ్చ పోసి, దాని మీద నన్ను బిగించి, పైన జరీ కండువా చుట్టి వేదికెక్కింది.

నా ధైర్యంతోనే నిలబడిందని నేను ఉబ్బిపోతూ ఉండగా, కథ పెళ్ళి దగ్గరికి వచ్చింది. ఆవిడ గిర్రున తిరిగింది. ఎన్ని నడుములకో అంటించి పీకిన నా పట్టీలు ఆ తిరుగుడుకు విడిపోయాయి. కండువాతో సహా జారి వేదిక మీద పడ్డాను. నా పని అయిపోయింది, ఆవిడ కూలబడుతుందని కళ్ళు మూసుకోబోయాను, కళ్ళు లేకపోయినా.

ఆవిడ చూసుకోనే లేదు. పాడుతోంది, తిరుగుతోంది, గజ్జెలు మోగుతున్నాయి. నేను లేకుండా.

ఉన్నట్టుండి ఆవిడ ఎడమ పాదం, చెప్పు ఊడినా తెలియని ఆ పాదం, నా మీద పడింది. సరిగ్గా గరుకు పట్టీ మీద. ఆవిడ పాట మధ్యలో ఆగిపోయింది. నరసింగరావు మృదంగం ఆపి, గాభరాగా సగం లేచాడు. ఆవిడ కిందికి చూడకుండా, బొటనవేలితో నన్ను ఒకసారి రాసింది. మళ్ళీ రాసింది.

"గరుగ్గా ఉందండీ!" అంది, మైకులోనే.

జనానికేమీ అర్థం కాలేదు. నరసింగరావుకు అర్థమైంది. కూర్చుని మృదంగం మీద ఒక్క దెబ్బ వేశాడు, అది ఏ తాళానికీ చెందదు.

ఆవిడ చిరతలు పైకెత్తి, "శ్రీమద్రమారమణ గోవిందో..." అంది. జనమంతా "హారి!" అన్నారు. ఆ కేక చల్లారేదాకా ఆవిడ పాదం నా మీదే ఉంది. ఎన్నో నడుములకు చుట్టుకున్నాను కానీ, నన్ను తొక్కి అంత ఆనందపడిన మనిషిని మాత్రం అప్పుడే చూశాను.