చౌడు కింద తీగ

వైర్‌లెస్ పెట్టె మీది మీటరు ముల్లు లేచి, ఎప్పుడూ ఆగే గీత దగ్గరే ఆగింది. అంటే పెట్టెలో పుట్టిన కరెంటు నల్లటి తీగలోంచి మిద్దె మీదికి పోతోంది. అక్కడినుంచి రెండు సరుగుడు గుంజల నడుమ లాగి కట్టిన రాగితీగకు, ఆపైన గాలిలోకి. ఓబులేసు మీట మీదినుంచి వేలు తీసి, చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోనును అదిమిపట్టి విన్నాడు. గరగర. ఎక్కడిదో ఓడ పిలుపు. మళ్ళీ గరగర. కర్నూలు పలకలేదు.

లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ముల్లు మీద కోపం వచ్చింది. అది తప్పు చూపిస్తే బాగుండేది. తప్పు పెట్టెలో ఉందనో, తీగలో ఉందనో అనుకునేవాడు. ముల్లు ఏ తప్పూ లేదంటోంది కాబట్టి, తప్పు మనిషిలో ఉండాలి. లాజరులోనో, తనలోనో.

ఓబులేసు కడప తంతి ఆఫీసులో సిగ్నలరు. పగలంతా ఊళ్ళోవాళ్ళ చావులూ కాన్పులూ ఆయన వేళ్ళ కిందుగా పోయేవి. ఒక్కటీ ఆయనది కాదు. ఇంటికి వచ్చాక, సర్కారు లైసెన్సుతో సొంతంగా కట్టుకున్న వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చునేవాడు. నలభైకి దగ్గరపడ్డాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా అడిగి అడిగి మానేశారు. ఇంట్లో ఉండేది ఆయనా, భర్త పోయి పుట్టింటికి చేరిన అక్క కృష్ణవేణమ్మా.

లాజరు కర్నూల్లో కాలువ ఆఫీసు ఓవర్సీరు. ఆయనకూ ఇదే పిచ్చి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు, గొంతు వినలేదు. కానీ ఆదివారం పొద్దున మోర్సు మీట కొట్టే తీరును బట్టి, లాజరుకు రాత్రి నిద్రపట్టిందో లేదో ఓబులేసు చెప్పగలడు. మాట్లాడుకునేది ఎండల గురించి, వాల్వుల గురించి, కాలువకు వదిలిన నీళ్ళ గురించి. పొట్టిపొట్టి ఇంగ్లీషు మాటలు. మధ్యలో ఒకటీ అరా పరాచికం.

ఆ నల్ల తీగ విషయంలోనూ ఇద్దరూ వాదులాడుకున్నారు. లాజరు విడి తీగలు రెండు పక్కపక్కన లాగమన్నాడు. మైనంలో ఉడికించిన వెదురు పుల్లలు నడుమ కట్టుకుంటే చాలు, ఖర్చు తక్కువ, దారిలో పోయే శక్తీ తక్కువ. కానీ విడి తీగలు గోడకు తగలకూడదు, నేలకు తగలకూడదు, అందరి కళ్ళ ముందు గాలిలో వేలాడుతూ ఉండాలి. ఓబులేసుకు అది నచ్చలేదు. మద్రాసు పోయినప్పుడు యుద్ధంలో మిగిలిన అమెరికా సరుకు అమ్మేచోట కోయాక్సియల్ కేబుల్ తెచ్చుకున్నాడు. నడిమధ్యన రాగి తీగ, దాని చుట్టూ మైనంలాంటి తెల్లటి పూత, దాని చుట్టూ అల్లిన రాగి వల, పైన నల్లటి తోలు. లోపల పోయేది లోపలే పోతుంది. ఎక్కడ పడేసినా పడి ఉంటుంది. సన్నపు రకం ఒకే చుట్టగా దొరికింది, లావుది రెండు ముక్కలుగా దొరికింది. లావుదైతే దారిలో శక్తిని తక్కువ తింటుందని రెండు ముక్కలూ కొని, టంకం పెట్టి అతికి, నల్ల పట్టీ చుట్టాడు.

"మీలాంటి తీగనే కొన్నారు" అన్నాడు లాజరు అప్పట్లో. పరాచికమే. ఓబులేసు మాత్రం దాన్ని చాలా రోజులు మనసులో తిప్పుకున్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. కేబుల్ ఎంత పొడుగైతే అంత తింటుంది, సెట్టు వెనక గదిలో ఎందుకు, ముందు పడసాలలో పెట్టుకోండి అని. పడసాలలో అక్క ఉంటుంది, వచ్చేపోయేవాళ్ళు ఉంటారు. ఓబులేసు గాదెల పక్కన, వెనక కొట్టుగదిలోనే ఉండిపోయాడు.

వేసవి చివర ఒక ఆదివారం లాజరు అడిగాడు. కొలతల పని మీద కడప దాకా వస్తున్నాను, మీ ఇంటికి రావచ్చా, రెండు రోజులు ఉండవచ్చా అని.

ఓబులేసు వేలు మీట మీద ఆగిపోయింది. సంతోషం వచ్చింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఆ రెండోదానికి ఆయన పేరు పెట్టలేదు. లాజరు అన్న పేరు గాలిలో వినడానికి ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. అదే పేరు ఈ ఇంట్లో, ఈ విస్తరి ముందు, అక్క వడ్డిస్తుండగా ఎట్లా ఉంటుందో ఊహించబోయి, ఊహ సగంలో వదిలేశాడు. ఇంట్లో అక్కను అడగాలి, వచ్చే ఆదివారం నేనే పిలిచి చెబుతాను అని పంపాడు.  అటునుంచి "సరే" అని మాత్రం వచ్చింది.

ఆ వారంలోనే మిద్దెకు చౌడు వేశారు. ముంగారు వానలకు ముందు ఏటా చేసేదే. చేలగట్ల నుంచి తెల్లటి ఉప్పు మట్టి తెచ్చి మట్టి మిద్దె మీద పరిస్తే, తడిసినకొద్దీ బిగుసుకుని నీటిబొట్టును దిగనివ్వదు. ప్రతి ఏడూ వచ్చే గిడ్డమ్మే వచ్చి గంపలు మోసింది. పరుస్తూ పరుస్తూ ఆగింది.

"ఈ వైరు కాళ్ళకడ్డం పడతాండాది సామీ. పక్కకు తీచ్చావా?"

"తీసేదేం వద్దు. దాని మీదనే పోసెయ్. కనపడకుండా పోతాది."

"తడిచ్చేనో?"

"చౌడు కింద తడెట్లొస్తాది గిడ్డమ్మా? ఇంట్లోకి దిగని నీళ్ళు వైరులోకి దిగుతాయా?"

"అదీ నిజమేలే" అని ఆమె గంప బోర్లించింది. నల్ల తీగ అతుకుతో సహా కనపడకుండా పోయింది. ఓబులేసుకు మిద్దె శుభ్రంగా కనిపించింది. రెండు రోజులకే మొదటి వాన పడింది.

ఆ వారమంతా ఆయన అక్కను ఏమీ అడగలేదు. అన్నం తినేటప్పుడు అడుగుదామనుకుని, పప్పు బాగుందన్నాడు. ఆదివారం పొద్దున మాత్రం మనసు ఒక్కసారిగా తెగింది. సెట్టు వేసి, లాజరును పిలిచి, ఆయన పలికేదాకా కూడా ఆగకుండా, ఆగితే ధైర్యం పోతుందన్నట్టు గబగబా కొట్టాడు. రండి. ఎన్ని రోజులైనా ఉండండి. మీరు తప్ప నాకు మాట్లాడే మనిషి లేడు.

ఆ చివరి మాట పంపాక చెవులు వేడెక్కాయి. వినే తీగ వేరే. కొట్టుగది గోడకు కట్టిన మామూలు తీగ. అందులో కాసేపు గరగర. తర్వాత లాజరు చేయి వినిపించింది.  కానీ లాజరు పిలుస్తున్నది బెంగుళూరులో ఇలాంటి సెట్టే పెట్టుకున్న ఇంకొకాయనను. ఎండల గురించి మాట్లాడాడు. ఏదో పరాచికం ఆడాడు కూడా.

ఆ తర్వాతి ఆదివారాలూ అంతే. ఓబులేసు పిలిచేవాడు. ముల్లు లేచేది. లాజరు ఇంకెవరితోనో మాట్లాడేవాడు.

ఆఫీసులో ఓబులేసు చేయి తడబడింది. నడుస్తూ నడుస్తూ రోడ్డు మధ్యలో ఆగిపోయి, పెదవులు కదిలించేవాడు. తలలో ఎప్పుడూ ఒక వాదన. వారం ఆగమంటే అంత కోపమా? ఆగమన్నది ఎందుకో అతనికి తెలిసిపోయింది. తెలిస్తే మాత్రం, రమ్మన్నాను కదా? రమ్మని, మీరు తప్ప ఎవరూ లేరని దేబిరించాను కదా? దానికి నవ్వుకుని ఉంటాడు. బెంగుళూరు ఆయనకు చెప్పి ఉంటాడు. ఇక్కడికి వచ్చేసరికి కోపం పెరిగేది, పెరిగితే కొంచెం హాయిగా ఉండేది. సిగ్గును మోయడం కంటే కోపాన్ని మోయడం తేలికని ఆయన గమనించాడు. గమనించి కూడా కోపాన్నే ఎత్తుకున్నాడు.

ఒక శనివారం రాత్రి గట్టి వాన. తెల్లారి అక్క కేకేసింది.

"ఓబులేసూ, కొట్టుగదిలో కారతాండాది. నీళ్ళు నీ పెట్టె కాడికే వచ్చాండాయి."

గిడ్డమ్మను పిలిపించి, ఇద్దరూ మిద్దె ఎక్కారు.

"నేనేసిన చౌడు కారదు సామీ" అంది గిడ్డమ్మ, ఎక్కకముందే. మిద్దె మీద నడిచి, ఒకచోట కాలితో నొక్కి నవ్వింది. "ఇదో, నీ నల్లపాము పండుకోనుండేకాడ నెర్రె ఇచ్చింది. పూడ్చమనింది నువ్వేగా?"

"నేనేలే. తవ్వు."

పారతో మట్టి తీస్తుంటే తీగ బయటపడింది. అతుకు దగ్గర చుట్టిన పట్టీ నాని జారిపోయింది. ఓబులేసు గొంతుకూర్చుని నల్ల తోలు కోశాడు. లోపల రాగి వల లేదు. పచ్చటి చిలుము, దాని కింద నల్లటి పొడి. వేలితో తాకితే రాలింది. ఆ వేలు నాలుకకు తగిలించుకున్నాడు. ఉప్పగా ఉంది.

అట్లాగే కూర్చుండిపోయాడు. నెర్రె ఇచ్చేదాకా చౌడు నీళ్ళను ఇంట్లోకి పోనివ్వలేదు. తన దగ్గరే ఉంచుకుని, ఆ ఉప్పునీళ్ళను మెల్లగా అతుకులోకి పంపింది. పెట్టె ఇచ్చిన కరెంటంతా ఈ జానెడు కుళ్ళు తాగి, వెచ్చబడి కూర్చుంది. కరెంటు పోతోందని మాత్రమే ముల్లుకు తెలుసు. ఆకాశంలోకి పోయిందో, మట్టిలోకి పోయిందో దానికి తెలియదు.

"ఏమైంది సామీ, పాడైందా?"

"పాడైంది" అన్నాడు. నవ్వు వచ్చింది. లాజరు వినలేదు. ఆ మాట ఎవరూ వినలేదు. ఇన్ని రోజులూ ఎవరూ వినని మాటకు సిగ్గుపడ్డాడు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. లాజరు వినలేదంటే, లాజరుకు తెలిసింది ఏమిటి? ఇంటికి రావచ్చా అని తాను అడగడం. ఓబులేసు వారం ఆగమనడం. నేనే పిలుస్తానన్న మనిషి పిలవకపోవడం. అంతే. అడిగినవాడు మళ్ళీ తానై ఎట్లా అడుగుతాడు? అడిగి ఎన్ని ఇళ్ళ ముందు నిలబడి ఉంటాడో, ఆ నిశ్శబ్దాన్ని ఎట్లా చదువుకోవాలో అతనికి బాగా తెలిసి ఉంటుంది.

మెట్లు దిగడంలో కాలు జారింది. కత్తెరా, టంకం కడ్డీ పట్టుకుని మళ్ళీ ఎక్కాడు. నీళ్ళు పల్లానికి దిగి కొట్టుగది వైపు ముక్కనంతా తినేశాయి. గుంజల వైపు ముక్కలో మూరెడు కోశాక మెరిసే రాగి వచ్చింది. మిగిలిన ఆ ముక్క కొట్టుగదికి అందదు. పడసాల కప్పులో వెలుతురుకు వదిలిన గవాక్షిలోంచి దింపితే మటుకు అందుతుంది.

పెట్టెలూ, వినే తీగా ఒక్కొక్కటే మోసి పడసాలలో పెడుతుంటే, కృష్ణవేణమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ చూసింది.

"ఏందప్పా ఈ తొందర? మిద్దె కూలిపోతాందా?"

"ఆదివారం పొద్దు దాటితే ఆయప్ప పెట్టె కాణ్ణుంచి లేచి పోతాడక్కా."

"యా ఆయప్ప? రెండేండ్లుగా ఇంటాండా ఆ టకటక. ఈ నెలలో అది కూడా సరింగా ల్యా. పేరన్నా చెప్పవు."

"లాజరని. కర్నూల్లో ఓవర్సీరు."

చేట ఒక్క క్షణం ఆగింది. "కిరస్తానమాయప్పా?"

"ఆ. మనింటికి వస్తానని అడిగినాడు. నువ్వేమంటావోనని వారం ఆగమంటి."

"నన్నెప్పుడడిగితివి?"

ఓబులేసు తీగ చివర బిగిస్తూ తల ఎత్తలేదు.

"నన్ను అడ్డం పెట్టుకుంటివి" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "అడిగింటే ఏమందునో నాకూ తెల్దు నాయనా. అడిగితే గదా తెలిసేది."

ఆయన మీట ముందు కూర్చున్నాడు. వీధి తలుపు తెరిచే ఉంది. ఎవరో పోతూ తొంగి చూశారు. ముల్లు లేచింది. పిలిచాడు. వేలు తీసి విన్నాడు. మళ్ళీ పిలిచాడు.

లాజరు వెంటనే పలికాడు. బాగా వినిపిస్తున్నారు, చాలా రోజులైంది, కులాసా అనుకుంటాను. స్నేహితులు 'మిత్రమా' అన్నట్టు మాట చివర పెట్టుకునే రెండక్షరాలు ఈసారి లేవు.

కేబుల్ అతుకు కుళ్ళిపోయింది, నేను పిలుస్తూనే ఉన్నాను, మీకు అందలేదు, అని ఓబులేసు కొట్టాడు.

గరగర. తర్వాత, తొందర లేని చేయి. "పోయిన వారం కడప వచ్చాను. సర్కారు బంగళాలో దిగాను. అడుగుతూ వస్తే మీ వీధి చివరనుంచి గుంజలు రెండూ కనిపించాయి. తీగ బాగా బిగించి కట్టారు."

 కేబుల్ గురించి ఇంకా చాలా చెప్పవచ్చు. చౌడు, ఉప్పు, ముల్లు. ప్రతి మాటా నిజమే. ఆ నిజాల వెనక హాయిగా కూర్చోవచ్చు, లోపలిది లోపలే పోతుంది. అక్క చేట పక్కన పెట్టి ఆయన వేలి వైపు చూస్తోంది.  నెమ్మదిగా, కొత్తగా నేర్చుకునేవాడిలా కొట్టాడు.

"కేబుల్ చెడింది తర్వాత. వారం ఆగమన్నది నేను."

 తీగ మళ్ళీ పోయిందేమోనని ముల్లు వైపు చూశాడు. ఆ ముల్లును నమ్మలేనని గుర్తొచ్చింది.

"తెలుసు" అని వచ్చింది. కాసేపటికి, "మీ గుంజలు నేను చూశాను. నావి మీరు చూడలేదు. కర్నూలు రండి. మా ఇంట్లో భోంచేయాలి. చేస్తారా?"

అప్పుడు పేరు పెట్టనిది మళ్ళీ వచ్చింది. అదేమిటో చూడటానికి ఆగితే మళ్ళీ వారం పడుతుందని ఆయనకు తెలుసు. తన మనసు మీద నమ్మకం లేక వేలిని ముందు పోనిచ్చాడు. వస్తాను. చేస్తాను.

"ఏమంటాండాడు?" అంది అక్క.

"వాళ్ళింటికి తిండికి రమ్మంటాండాడు."

"నువ్వేమంటివి?"

"వస్తానంటి."

 "పోయేటప్పుడు ఉత్తచేతుల్తో పోగాకు" అని ఆమె చేట మళ్ళీ అందుకుంది.

లాజరు చిరునామా పంపుతున్నాడు. తీగ బాగానే ఉన్నా, తప్పిపోకూడదన్నట్టు ప్రతి మాటనూ రెండుసార్లు కొడుతున్నాడు. ఓబులేసు అందిన మాటను అందినట్టు పైకి అంటున్నాడు. చర్చి వెనక వీధి. చర్చి వెనక వీధి. నీళ్ళ కొళాయి పక్కన. నీళ్ళ కొళాయి పక్కన. ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నప్పుడు తన చేయి ముద్ద ఎత్తుతుందో, ఆగుతుందో ఇంకా తెలియదు. అయినా అంటూనే ఉన్నాడు, అక్కకు వినపడేటట్టు.