సంజెవేళ ఇఫ్ వాక్యాలు

నేను ఒక రైసు మిల్లుకు తలుపుగా బతకవలసినదాన్ని. వడ్రంగి కొలత తప్పి నన్ను పొట్టిగా కోశాడు. మిల్లువాళ్ళు వద్దన్నారు. "తలుపుకి పొట్టైతేనేం, అక్షరాలకి చాలినంత పొడుగుంది" అని తన పొరపాటును తానే మెచ్చుకుని, నాకు నల్లరంగు పూసి నల్లబల్లగా అమ్మేశాడు. మనుషులతో నాకు పరిచయం అలా మొదలైంది.

మొదట ఎలిమెంటరీ బడిలో చేరాను. ఉదయం వేళ పెందలాడే లేవాలని నా మీద రాసి, ఆ రాసిన మాస్టరే నా కింద కుర్చీలో కునుకు తీసేవాడు. తరువాత ఒక కాఫీ హోటలుకు పోయాను. అక్కడ "వేడి వేడి ఇడ్లీ" అని పొద్దున్నే రాసేవారు. ఇడ్లీ చల్లారినా ఆ మాట చల్లారేది కాదు. అబద్ధం ఆడుతున్నది నేనా, హోటలాయనా అని అప్పట్లో చాలా మథనపడ్డాను. దేవుడి దయవల్ల హోటలు మూతపడింది. మండపేటలో పేర్రాజు మాస్టారు నన్ను తెచ్చి తమ వీధి అరుగు మీద గోడకు తగిలించారు.

మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవారు. నా పక్కనే దేవుడి గది కిటికీ. మాస్టారి భార్య అచ్చాయమ్మగారు రోజూ సంజెదీపం పెట్టి పాడుకునే పాటలన్నీ నాకు కంఠస్థం. ఆ ఇంట్లో మాటకు ఒక మర్యాద ఉంది. అక్కడ బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. సంజెవేళ పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట. మనం ఏ మాట అన్నా "తథాస్తు" అంటారట. అందుకని చెడ్డమాట నోటికి రానివ్వరు. మాస్టారు ట్యూషను చెప్పేదీ ఆ వేళకే.

అలాంటి వేళ తాయారు ట్యూషనుకు వచ్చింది. అంగన్వాడీలో ఆయా. ఊడవడం, వండటం, పిల్లల్ని చంకనెత్తుకు తీసుకురావడం ఆవిడ పని. అక్కడి టీచరమ్మ త్వరలో రిటైరవుతోంది. పది పాసైతే ఆ ఉద్యోగం తాయారుకు వస్తుంది. ఓపెన్ స్కూల్లో పదికి కట్టి అన్ని సబ్జెక్టులూ గట్టెక్కింది, ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. ఈసారి కూడా తప్పితే కొత్త మనిషి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. మళ్ళీ ఖాళీ ఎప్పటికి వస్తుందో ఎవరికీ తెలియదు.

ఇఫ్ వాక్యాల పాఠం దగ్గర బండి ఆగింది. మాస్టారు నా మీద "ఇఫ్ యు డు నాట్ స్టడీ, యు విల్ ఫెయిల్" అని రాశారు. తాయారు గబగబా వచ్చి కొంగుతో తుడిచేసింది.

"అదేంటమ్మా!"

"దీపాలవేళ ఆ మాటేంటండీ మాస్టారండీ! పైనున్నోళ్ళు తథాస్తు అనేస్తే నా గతేంగాను?"

మాస్టారు నవ్వి, "పోనీ ఇది చూడు" అంటూ ఇంకోటి రాశారు. అందులో ఒకడు చెట్టు మీంచి పడితే కాలు విరుగుతుంది. అదీ తుడిచేసింది.

"ఆడెవడో పాపం, ఆడికి మాత్రం కాలెందుకు విరగాలండీ?"

లోపలినుంచి అచ్చాయమ్మగారు అందుకున్నారు. "అమ్మాయి అన్నదాంట్లో తప్పేముంది? నలభై ఏళ్ళుగా పిల్లల చేత అన్నీ అపశకునం మాటలే రాయించారు మీరు."

"దేవతలకి ఇంగ్లీషు కూడా వచ్చంటావా?"

"మీకొచ్చింది వాళ్ళకి రాదేంటి?"

మాస్టారు సుద్దముక్క పక్కన పెట్టేశారు. ఆయనకూ లోపల భయం ఉందని నా అనుమానం. ఆ రోజునుంచి నా మీద అన్నీ శుభవాక్యాలే. చదివితే పాసవుతావు. వాన కురిస్తే పంట పండుతుంది. బస్సు దొరికి ఉంటే పెళ్ళికి వెళ్ళేదాన్ని అనే వాక్యాన్ని మాత్రం తాయారు చాలాసేపు చూసి, "పెళ్ళి జరిగిపోయింది కదండీ, ఫరవాలేదు" అని ఒప్పుకుంది. నేను ఇంత మంగళకరంగా ఎన్నడూ లేను.

స్టడీ సెంటరులో నమూనా పరీక్ష పెట్టారు. ప్రశ్నలన్నీ "అలా చేయకపోతే ఏమవుతుంది" అనే రకం. తాయారు అవన్నీ ఖాళీగా వదిలేసి వచ్చింది. తప్పింది. అసలు పరీక్ష ముంచుకొస్తోంది. అరుగు మీద కూర్చుని, "నాకా కుర్చీ రాసిపెట్టి లేదేమోనండి" అంది. ఆ మాట కూడా సంజెవేళే అంది. దాన్ని తుడవడానికి ఎవరి కొంగూ లేవలేదు.

అప్పుడే వీధిలోంచి లోవకుమారి పరుగెత్తుకొచ్చింది. వాళ్ళ పాప అంగన్వాడీకి వచ్చే పిల్లే. తల్లి భుజం మీద వాలిపోయి ఉంది.

"తాయారక్కా, పొద్దుట్నుంచీ ఇరేచనాలే. నీళ్ళు తాగితే ఎక్కువవుతాయని నీళ్ళు మానిపించేశాను. మా ఆయన రేపు చూద్దాంలే అంటున్నాడు."

తాయారు ఒక్క ఉదుటున లేచింది. "నీళ్ళు మానేస్తావేటే పిచ్చిమొహమా! నీళ్ళు పట్టకపోతే పిల్ల సొమ్మసిల్లిపోద్ది! ఈ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే మనకి దక్కదు, తెలుస్తుందా?"

కిటికీలో దీపం వెలుగుతూనే ఉంది. తాయారు సంచీలోంచి ఓఆర్‌ఎస్ పొట్లం తీసి, అచ్చాయమ్మగారు తెచ్చిన చెంబులో కలిపి, చెంచాతో పాప నోట్లో కొద్దికొద్దిగా పోసింది. మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి ఆటో తెచ్చారు.

పాప మూడోనాటికి తేరుకుంది. ఆ కబురు చెప్పడానికి తాయారు వచ్చినప్పుడు మాస్టారు మెల్లగా అడిగారు.

"మొన్న సంజెవేళ దక్కదు అన్నావు గుర్తుందా?"

తాయారు ముఖం పాలిపోయింది. కాసేపు దేవుడి గదివైపు చూసింది.

"అన్నానండి. దక్కాలనే కదండీ అన్నాను. ఆ మాత్రం వాళ్ళకి తెలీదేటండీ?"

"తెలుస్తుందనే నేనూ అనుకుంటున్నాను. ఇంత వయసొచ్చాక ఇప్పుడే అనుకుంటున్నాను" అని మాస్టారు సుద్దముక్క అందించారు. "ఆ మాటే ఇంగ్లీషులో రాయి."

"ఇఫ్ యు డు నాట్ గివ్ వాటర్, ది చైల్డ్ విల్ బికమ్ వీక్" అని రాసింది. సుద్ద గట్టిగా అదిమి రాసింది, నా ఒళ్ళు చుర్రుమంది. దాని కింద, లోవకుమారికి చెబుతున్నట్టు, ఇంకోటి రాసింది. నువ్వు ఆ రోజు రాకపోయి ఉంటే పిల్లను పోగొట్టుకునేవాళ్ళం. అది రాసి, సుద్దను కళ్ళకద్దుకుంది. ఈసారి కొంగు లేవలేదు. ఆ తరువాత పరీక్షదాకా ప్రపంచంలోని ఉపద్రవాలన్నీ నా మీదుగా నడిచాయి. వరదలొచ్చాయి, రైళ్ళు తప్పాయి, గొడుగులు మరిచిపోయారు.

పరీక్ష రాసి నేరుగా మా అరుగు మీదకే వచ్చింది. "వాన కురవకపోతే ఏమవుతుందని అడిగాడండి."

"ఏం రాశావు?"

"పంట పోద్ది, కానీ దేవుడు వచ్చే పంట బాగా ఇస్తాడని రాశానండి."

మాస్టారు తల పట్టుకున్నారు. "అడిగింది ఒక్క వాక్యమే కదమ్మా!"

"నేనూ ఒక్కటే రాశానండి. మధ్యలో ఫుల్‌స్టాప్ పెట్టలేదు."

ఫలితాలు వచ్చేదాకా మాస్టారు ఆ వాక్యాన్ని నా మీద రాసి, అటూ ఇటూ నడుస్తూ తప్పు వెతికారు. దొరకలేదు. దిద్దినవారికీ దొరికినట్టు లేదు, తాయారు పాసయింది. కొన్నాళ్ళకు టీచరమ్మ రిటైరై, ఆ ఉద్యోగం ఆవిడకే వచ్చింది. మాస్టారు నన్ను ఆటోలో వేసుకొచ్చి, దగ్గరుండి అంగన్వాడీ కేంద్రం గోడకు కొట్టించి వెళ్ళారు.

నాకిప్పుడు ముసలితనం. అంచులు చెదలు కొట్టాయి, కింది సగమంతా పిల్లలు గీసిన కాకులే. పైసగంలో తాయారు టీచరు రాత ఉంది. "విరేచనాలైనప్పుడు నీళ్ళు మాన్పిస్తే పిల్ల నీరసించిపోతుంది. నీళ్ళు పడితే తేరుకుంటుంది." సాయంత్రం పిల్లల కోసం వచ్చే తల్లులు దాన్ని కూడబలుక్కుని పైకి చదువుతారు. మొదటి వాక్యం చదివి వెళ్ళబోయేవాళ్ళను ఆవిడ గుమ్మంలోనే ఆపేస్తుంది.

"అక్కడితో ఆపేస్తావేటే? రెండోది కూడా చదివి వెళ్ళు."