రాయి పారే లెక్క

ధర్మవరంలో నేతగాడు ఈశ్వరప్పకు కోపం వస్తే గోడమీది బల్లి కూడా పలకడం మానేస్తుందని పేరు. ఆ ఆదివారం మాత్రం కొడుకు కుళ్ళాయప్ప కోపం ముందు ఆయనదే చిన్నబోయింది.

కుళ్ళాయప్ప బెంగుళూరులో పరిశోధన చేస్తున్నాడు. భూమి లోపలి రాయి యుగాల తరబడి ముదురు బెల్లంపాకంలా ఎలా కదులుతుందో కంప్యూటర్‌తో లెక్క కట్టించడం అతని పని. భూమిని గళ్ళుగా కోసి, ముందు పెద్ద గళ్ళలో లెక్క తేల్చి, దాన్ని పట్టుకుని చిన్న గళ్ళలో తప్పులు దిద్దుకుంటూ పోవాలి. అలాగైతే గళ్ళు ఎన్ని పెరిగినా యంత్రం చతికిలబడదు. ఆ లెక్కంతా, ఆ కాలపు కంప్యూటర్ చదివే చిల్లుల అట్టల మీద కొట్టించి, సరిచూసుకుందామని పెట్టెతో ఇంటికి తెచ్చాడు. సోమవారం యంత్రం మీద అతని వంతు. అది తప్పితే మళ్ళీ ఎండాకాలం దాటాకే. అప్పటికి అతని చదువు గడువే ముగుస్తుంది.

పొద్దున లేచి చూస్తే అట్టలన్నీ పట్టుదారంతో వరసగా కుట్టేసి ఉన్నాయి, చీర మీద బొమ్మలు నేసే జకార్డు మగ్గానికి డిజైను అట్టలు కుట్టినట్టే. దారం కోసం అంచుల్లో కొత్త చిల్లులు!

"ఎవురు చేసినారిది?"

"నేనే," అన్నాడు ఈశ్వరప్ప మెప్పు కోసం చూస్తూ. "విడి అట్టలు ఎవురన్నా పెట్టెలో ఏసుకుంటారా? వరస తప్పితే నెమలి తోక పోయి కాకికి పడుతుంది."

"కొత్త చిల్లు పడితే అది ఇంగో అక్షరం నాయనా! నా పని సర్వనాశనం చేసినావు!"

"ఏం పనిరా? రాయి పారేదా? పామిడి కాడ పెన్నలో నీళ్ళే పారవు, నీకు రాయి పారాల్నా!"

కుళ్ళాయప్ప పళ్ళు కొరుకుతూ, అమ్మ ఓబమ్మ పెట్టిన సంగటి ముట్టకుండా రైలెక్కాడు. వరస చెడుతుందని దారం మాత్రం తెంపలేదు.

మర్నాడు కంప్యూటర్ గదికి వెళ్ళాడు. అక్కడ వంతులు చూసే తిప్పయ్యదీ వాళ్ళ సీమే, సోమందేపల్లె.

"వంతు సాయంకాలానికి మార్చన్నా, చెడిన అట్టలు మళ్ళీ కొట్టుకుంటా," అని బతిమాలాడు కుళ్ళాయప్ప.

తిప్పయ్య అట్టల్ని పైకెత్తి గదిలో అందరికీ చూపించాడు. "ఈ దండ ఏ దేవునికప్పా? మీ నాయన కంప్యూటర్‌కు చీర నేస్తాండాడా?"

గదంతా గొల్లుమంది.

"సరేలే, సాయంకాలం రా," అంటున్నాడు తిప్పయ్య. కానీ నిన్నటి నుంచి దిగమింగిన కోపం కుళ్ళాయప్ప గొంతులోకి అప్పుడే ఎగదన్నింది.

"మా నాయన చేతిపనికి నవ్వితే పళ్ళు రాలతాయి!" అని అట్టలు లాక్కున్నాడు.

"అట్లనా? అయితే ముందు నీ వంతు రాలింది, పో!" తిప్పయ్య తర్వాతివాణ్ణి పిలిచాడు.

కుళ్ళాయప్ప బయట మెట్ల మీద కూలబడి, దారం ముడులు పళ్ళతో కొరుకుతూ, తిప్పయ్యనూ తండ్రినీ కలిపి తిట్టుకుంటూ, అట్టలు ఒక్కొక్కటే విప్పసాగాడు.