సగం కాలిన కాయిల్

చప్పుడు లేదు.

నాలుగోసారి పొర విడిచిన పట్టుపురుగు ఆకు మీద పడి తింటుంటే ఇల్లంతా చిటపట వినబడాలి... ఏమీ లేదు. తట్టల్లో మల్బరీ ఆకు వేసింది వేసినట్టే ఉంది. పురుగులు పచ్చటి నీళ్లు కక్కి, మెలికలు తిరిగి — చచ్చాయి. చావనివి చస్తున్నాయి.

మూలన దోమల కాయిల్. సగం కాలి, ఇంకా పొగ వదులుతోంది.

అయ్యో, అయ్యో దేవుడా!

పురుగులింట్లో కాయిలా? పొగ సోకితే పురుగు చస్తుందని మా చింతామణి చుట్టుపక్కల ఊళ్లలో చంటిపిల్లకైనా తెలుసే! బీడీ తాగి వచ్చినవాణ్ణి నేను గడప తొక్కనివ్వను. ఊదుబత్తి కూడా వెలిగించనివ్వను. నలభై ఏళ్లుగా ఇదే మాట, ఇదే కాపలా.

ఇంకో వారం ఉంటే గూళ్లు కట్టేవి.

కాయిల్‌ను ఆర్పి వాకిట్లో పారేశాను. ఎవరి పని ఇది? ఇంట్లో ఉండేది ఇద్దరమే. నేను, మా అక్కయమ్మ. నాకు డెబ్బై, ఆమెకు డెబ్బై మూడు. నిరుడు పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి పోయి కూర్చుంది. అప్పటినుంచి గురువారం గురువారం చిక్కబళ్ళాపురకు పోతోంది, జ్ఞాపకశక్తి తరబేతికి, అదే, శిక్షణకి. రంజిత అనే అమ్మాయి ఫోన్లో బొమ్మలు జత కలపమంటుందట. మాత్రల వేళలు, అంగడి సరుకులు చూడకుండా చెప్పమంటుందట.

నన్నూ రమ్మంది అక్క. నవ్వాను. నాకేం తక్కువ?

నాలుగింటికి బస్సు దిగి వచ్చింది. చెప్పులు విడవనియ్యలేదు నేను.

"ఏం పని చేస్తివక్కా! కొంప ముంచితివి గదా! నీ తరబేతి తగలెయ్య!"

లోపలికి పోయింది. చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత వాకిట్లోకి వచ్చి కాయిల్ ముక్క చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎనిమిది గంటలు కాలుతాది నారాయణా. నువ్వు ఏ యాలకు చూస్తివి?"

"రెండుకు."

"సగం మిగిలిండాది. అంటే పదికి అంటించినారు." ముక్క కింద పెట్టింది. "నేను ఏడు గంటల బస్సుకే పోతిని గదప్పా."

పది.

వాకిలి వేసే ఉంది. ఎవరూ రాలేదు. ఉన్నది... నేనే.

నేనా? నేనా!

వెతుక్కున్నాను. ఆకు కోసుకొచ్చాను — గుర్తుంది. తట్టల్లో వేశాను — గుర్తుంది. దోమలు కుట్టాయి... కుట్టాయా? ఆ తర్వాత చూస్తే మధ్యాహ్నం రెండు. మధ్యలో ఏమీ లేదు. ఎంత తడిమినా ఏమీ లేదు.

వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాయిల్ వాసన. పారేసినప్పుడు అంటిందా... అంతకు ముందే ఉందా?

భయం వేసింది. పురుగుల కోసం కాదు.

అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా పక్కన అరుగు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"నిదానంగా చెప్పప్పా. పొద్దున నేను పోయినాక ఏం చేస్తివి?"

"ఆకు ఏస్తిని."

"ఆమీట?"

నోరు తెరిచాను. అక్క నా ముఖం వంకే చూస్తోంది.

"ఆకు ఏస్తినక్కా..."