డబ్బా మీద పేరు

పక్షవాతం వచ్చి పదకొండు వారాలైంది. దర్జీ కుడిచెయ్యి, ఎవరో మరిచిపోయిన గుడ్డముక్కలా ఒళ్లో పడి ఉండేది. ఆ చేత్తో మళ్లీ కత్తెర పట్టాలి. ఆయనకు వేరే కోరిక లేదు.

పేగుల్లోని సూక్ష్మజీవులకూ, పక్షవాతం ఎంత గట్టిగా కొట్టిందనేదానికీ, మనిషి ఎంతవరకు కోలుకుంటాడనేదానికీ ఏదో లంకె ఉందని ఆసుపత్రి డాక్టరమ్మ అనుమానం. ఆ పరిశోధనలో దర్జీనీ చేర్చుకుంది. వారానికోసారి మలం చిన్న డబ్బాలో పెట్టి, పేరు రాసి పంపాలి. దాన్నిబట్టి ఆమె తిండి మారుస్తుంది. డబ్బాను ఐసుపెట్టెలో పెట్టి చేరవేసే పని, ఇప్పుడు కొట్టు చూసుకుంటున్న తమ్ముడిది.

"నీ దొడ్డికి కూడా ఐసుపెట్టె మర్యాదలేంటన్నయ్యా!" అని నవ్వించేవాడు.

"మీ పేగులు భేషుగ్గా ఉన్నాయి. చెయ్యి మళ్లీ స్వాధీనంలోకి రావచ్చు" అని నెల కిందట డాక్టరమ్మ అంది. ఆ మాట పట్టుకుని ఆయన రోజూ రబ్బరుబంతి పిసికాడు. బొటనవేలు కాస్త లేచింది.

ఈసారి ఆమె పరీక్ష కాగితం వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూసింది.

"మొన్న జ్వరానికి పది రోజులు గట్టి మందులు వాడారు. అవి మంచి సూక్ష్మజీవుల్ని కూడా ఊడ్చేస్తాయి. ఇందులో ఆ జాడే లేదు. ఇది ఎవరిదండీ?"

దర్జీ తమ్ముడివైపు తిరిగాడు. వాడు మెడలోని కొలతల టేపు వేలికి చుట్టుకుంటున్నాడు. చిన్నప్పుడు కొలత తప్పినా అంతే చేసేవాడు.

"నీకు నాలుగేసి రోజులు దొడ్డికి అవట్లేదు కదన్నయ్యా. ఖాళీ డబ్బా ఇస్తే పరిశోధనలోంచి నీ పేరు కొట్టేస్తారని... ఒక్క తల్లి బిడ్డలం, తేడా ఏముంటుందిలే అనుకున్నా."

"ఎన్నిసార్లు?"

"మొదటిది తప్ప... అన్నీ."

"కొలత నీది, చొక్కా నాకా?" అన్నాడు దర్జీ.

"ఈ వారాలన్నీ తీసెయ్యాల్సిందే. మిమ్మల్ని ఇక పరిశోధనలో ఉంచలేను" అంది డాక్టరమ్మ.

"మరి నా చెయ్యి?"

"వ్యాయామం మానకండి. చెయ్యి స్వాధీనంలోకి వస్తుందో లేదో ఇప్పుడు నేను చెప్పలేను."

బయట బెంచీ మీద అన్నను కూర్చోబెట్టి తమ్ముడు పక్కన నిలబడ్డాడు.

"ఆ టేపు ఇటివ్వు."

"ఎందుకన్నయ్యా?"

"అది నాది."

తీసి ఇచ్చాడు. దర్జీ దాన్ని కుడి అరచేతిలో కుక్కి, ఎడమచేత్తో ఒక్కొక్క వేలే మడిచాడు. బొటనవేలు దానంతటదే వంగి టేపును నొక్కింది.

"అన్నయ్యా, వేలు! చూడు, వేలు!"

దర్జీ తలెత్తలేదు.