నిలవని బోల్టు

జూలూరుపాడు రోడ్డు మీద రామక్క మెకానిక్ షెడ్డు పొద్దున ఎనిమిదింటికే తెరుచుకుంటుంది. విప్పిన బోల్టులను కిరసనాయిలులో నానబెట్టడం, బ్రష్షుతో మరల్లోని మసి రాల్చడం, బోల్టు దిగే రంధ్రాన్ని గాలి కొట్టి శుభ్రం చేయడం ఆమెకు రోజూ ఉండే పనే. నూనె చుక్క అంటించి, ముందు వేళ్ళతోనే తిప్పుతుంది. సాఫీగా దిగాకే పానా అందుకుంటుంది.

ఆ షెడ్డులో ఎవరైనా అబద్ధమాడితే బిగించిన బోల్టు వదులైపోతుంది. ఈ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. అందుకే బండి ఇచ్చినవాళ్ళు చాలామంది ఎదుటి హోటల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు.

ఆ మంగళవారం హాతీరాం, హ్యాండిలుకు సంచి తగిలించిన బండి నెట్టుకుంటూ వచ్చాడు. తండాలో రెండెకరాల మిరప రైతు. ఈసారి కూడా తామర పురుగు పూతంతా పీల్చేసింది, వరసగా ఇది మూడో ఏడు. ఇంజను హెడ్డు దగ్గర ఆయిలు కారుతోందన్నాడు. బోల్టులన్నీ కొత్తవే వేయమన్నాడు. పదేళ్ళదాకా మళ్ళీ విప్పే పని పడొద్దట. తన భార్య ద్వాలి నడుపుకుంటుందట. ఆమెకింకా నడపడం రాదు, నేర్చుకుంటుందిలే అన్నాడు.

రామక్క హెడ్డు కూర్చోబెట్టి, నాలుగు బోల్టులూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించింది. నువ్వెటు పోతున్నావని మాటవరసకి అడిగింది. మధిరలో పత్తి మిల్లు పనికని చెప్పాడు.

నాలుగో బోల్టు మెల్లగా వెనక్కి తిరిగి పైకి లేచింది.

ఇద్దరూ చూశారు. రామక్క దాన్ని తీసి, మళ్ళీ తుడిచి, నూనె రాసి, వేళ్ళతో దించి బిగించింది. బండి ఇంటి దగ్గరే ఉంచి పోతావా అంటే ఔనన్నాడు. బోల్టు కదల్లేదు.

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"పది రోజులల్ల వస్త అక్కా."

ఈసారి నాలుగూ లేచాయి.

రామక్క పానా కింద పెట్టి అతని పక్కన నేల మీద కూర్చుంది.

"ఏడికి పోతున్నవ్, హాతీరాం?"

హాతీరాం లేచిన బోల్టుల వంక చూస్తూ చెప్పాడు.

"తోటలకు పోయి పండుకుందామనుకున్న. మళ్ల లేవకుంట."

బండికి తగిలించిన సంచి అతని చేతికి అందకుండా రామక్క తీసి, సామాన్ల పెట్టెలో పెట్టి తాళం వేసింది. అంతా మంచిగైతదని నోటిదాకా వచ్చింది. బోల్టుల వంక చూసి మింగేసింది. వాటిని మళ్ళీ బిగిస్తూ, నిజమనిపించిన మాటే అన్నది.

"రేపటి సంగతి నాకు తెల్వదు, తమ్మీ. ఇయ్యాల మాత్రం నిన్ను ఒక్కణ్ణి ఇడిచిపెట్ట."

బోల్టులు నిలిచాయి. హాతీరాం మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె ఫోన్ చేస్తే ద్వాలి ఆటోలో వచ్చింది. తిట్టలేదు, అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. దవాఖానాకు ముగ్గురం పోదామని రామక్క అంటే తల ఊపాడు. కాసేపటికి భార్యతో తమ భాషలో, ఆకలేస్తోందని చెప్పాడు. ఈ మూడు రోజుల్లో అతను ఆ మాట అనడం ఇదే మొదలని ద్వాలి రామక్కకు చెప్పింది.